ఎర్రకుక్కకు ఐదొద్దుల పురుడు

ఆ కబురు నాకు మొదట మోసుకొచ్చింది పాలకేంద్రంలో పాలు పోయించుకునే ఆమె. పొద్దున్నే మా పశువుల దవాఖాన వరండా ఊడుస్తున్నాను. ఆమె గేటు పట్టుకుని నిలబడి ముందు కడుపునిండా నవ్వింది. ఆ తర్వాత గానీ మాట బయటికి రాలేదు.

"అక్కా, మీరు కడుపు కోసిన్రు సూడు ఎర్రకుక్క, దానికి నిన్న పురుడు చేసిన్రట!"

"కుక్కకు పురుడేందే?"

"నిజం అక్కా! ఐదొద్దులయినయని యాపాకు ఏసి కాగవెట్టిన నీళ్లు పోసిన్రట. సాంబ్రాణి పొగ ఏసిన్రట. వాడకట్టుకంత బెల్లం పుట్నాలు పంచిన్రట. మా ఆడిబిడ్డ గూడ తిని వచ్చింది."

నేనూ నవ్వాను. కుక్కకు పురుడు చేయడం నా సర్వీసులో ఎన్నడూ వినలేదు. బెల్లం పుట్నాల దాకా వచ్చేసరికి చీపురు గోడకు ఆనించి మరీ నవ్వాను. నీళ్లు పోశారన్న మాట కాస్త ఆలస్యంగా లోపలికి దిగింది. దిగాక నవ్వు ఆగిపోయింది. ఆ కుక్క పొట్ట మీద ఇంకా పచ్చి కుట్లు ఉన్నాయి.

పశువైద్యంలో కొత్తగా చేరుతున్న పిల్లలారా, కోయడం, కుట్టడం మీకు చదువులోనే నేర్పుతారు. కుట్టి పంపిన జీవం ఏ ఇంటికి పోతుందో, ఆ ఇంట్లో దానికి ఏమేం జరుగుతుందో మాత్రం ఎవరూ అంతగా చెప్పరు. అందుకే ఈ ఒక్క సంగతి మీ కోసం రాస్తున్నాను. 

నేను డాక్టరును కాను, కంపౌండరునూ కాను. కొత్తకోటకు ఇవతల, హైవే పక్క ఊళ్లో, పశువుల దవాఖానలో అటెండరుగా చేసి రిటైరయ్యాను. బడికి పోయింది లేదు. మా బాపు కూడా ఇట్లాంటి దవాఖానలోనే పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించేవాడు. అక్షరాలు కూడబలుక్కోవడం మాత్రం అమ్మ పాడుకునే కీర్తనల పుస్తకంలో నేర్చుకున్నాను. తర్వాత ప్రైవేటుగా పరీక్ష కట్టాను. బాపు పోయాక ఆ కొలువు నాకిచ్చారు. మూగజీవాల దగ్గర నాకు కూడు పెట్టిన ప్రభువుకు స్తోత్రం. రోజూ దవాఖాన తాళం తీసేటప్పుడు ఈ ఒక్క ముక్క మనసులో అనుకునేదాన్ని, అంతే. అంతకు మించి పెద్ద ప్రార్థనలు నాకు రావు.

మా దవాఖానకు మొదటి నుంచీ వచ్చేవి గొర్లు, మేకలు, ఎడ్లు, బర్లు. తెలంగాణ వచ్చిన తర్వాత హైవే పొంటి ప్లాట్లు లేచి, కొత్త ఇండ్లు కట్టాక, కుక్కలనూ పిల్లులనూ పట్టుకొచ్చేవాళ్లు పెరిగారు. బర్రెను తెచ్చిన రైతు బర్రె లేస్తుందా లేదా అని అడుగుతాడు. కుక్కను తెచ్చినవాళ్లు ఏడుస్తారు. చంకలో పిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొస్తారు, సూది పొడుస్తుంటే మొహం తిప్పుకుంటారు. అంత ప్రాణం పెట్టుకున్నవాళ్లు ఇంటికి పోయాక డాక్టరు చెప్పిన ఒక్క మాటా ఎందుకు పాటించరు? నాకు ఇదే అంతుపట్టేది కాదు. కోపం కన్నా ఎక్కువ వింతగా ఉండేది.

నారాయణపేటలో చీరలు నేసే ఇంటివాళ్లు ఒకసారి మా ఊరికి చుట్టపుచూపుగా వచ్చారు. వెంట వాళ్ల పిల్లి. దాని కాలికి దెబ్బ తగిలితే కట్టు కట్టి, కట్టు కదిలించొద్దని చెప్పి పంపాం. తెల్లగుడ్డ కట్టు అశుభంగా ఉందని వాళ్లు దాని మీద ఎర్రటి చీర అంచు ముక్కను బిగించి చుట్టారు. చూడ్డానికి ఎంత అందంగా ఉందో! కింద కాలు మాత్రం సొరకాయలా వాచింది. ఇంకొకాయన బడిపంతులు. గోలీలు అయిపోయేదాకా వేయమంటే, కుక్క తోక ఊపిందని ఆ రోజే మానేశాడు. "నయమైంది కదమ్మా, ఉత్త పుణ్యానికి మందులు మింగించుడెందుకు?" అని నన్నే అడిగాడు.

ఇట్లాంటివి చూసినప్పుడల్లా మా కంపౌండర్ సారు ఒకటే అనేవాడు. "చెప్పుడు మన వంతు, చెడగొట్టుడు వాళ్ల వంతు. నడుమల నీకేం ఫికర్ చెల్లె?" ఆయన మాట అట్లా ఉండేది గానీ మనసు అట్లా ఉండేది కాదు. నొప్పితో మూలిగే జీవం పక్కన చాయ్ కూడా తాగలేడు.

ఇక ఎర్రకుక్క సంగతి. మా ఊరికి ఆటోలో పోయేంత దూరంలో ఒక పల్లె. అక్కడి ఆటో డ్రైవరు ఒకాయన, ఆయన భార్య, ఒకరోజు ఆ కుక్కను గోనెపట్టాలో పడుకోబెట్టి తెచ్చారు. ఆడకుక్క. ఒళ్లు కాలిపోతోంది. పొట్ట ఉబ్బి ఉంది. వెనక నుంచి చీము కారుతోంది. మా డాక్టరమ్మ చిన్న వయసుది, వేరే జిల్లా నుంచి వచ్చింది, పనిలో మాత్రం గట్టిది. చూడగానే గర్భసంచి నిండా చీము పట్టిందని, తీసేయకపోతే బతకదని చెప్పింది. ఆపరేషన్ అయింది. నేను కుక్క కాళ్లు పట్టుకున్నాను. తీసిన సంచి పళ్లెంలో పెడితే, ఇంత బరువు మోసుకుంటూ ఇది ఇంటి ముందు కాపలా ఎట్లా కాసిందో అనిపించింది.

తర్వాత డాక్టరమ్మ ఆ జంటను పిలిచి జాగ్రత్తలు చెప్పింది. కుట్లు విప్పేదాకా చుక్క నీళ్లు తగలొద్దు. కుట్లు నాకకుండా మెడకు ప్లాస్టిక్ డబ్బా తొడిగాం, అది తీయొద్దు. గోలీలు మానొద్దు. ఎక్కనీయొద్దు, దుంకనీయొద్దు. రోజూ చెప్పీ చెప్పీ మాకు ఆ మాటలన్నీ బస్సు కండక్టరు ఊర్ల పేర్లు పిలిచినట్టు ఒకే ఊపున వచ్చేసేవి. ఆయన ఫోన్ చూసుకుంటూ "సరే మేడం" అన్నాడు. ఆమె మాత్రం శ్రద్ధగా విన్నది. చివర్లో మెల్లగా ఒకటడిగింది.

"చెమటకు కుట్లు మండుతయి గద మేడం. దానికి గూడ మండుతయా?"

డాక్టరమ్మ ఆమె వంక ఒక్క క్షణం చూసి, "మండుతాయమ్మా. అందుకే నీడలో ఉంచండి" అన్నది. కుట్లు మండుతాయని ఈమెకు ఎట్లా తెలుసా అని నాకూ అనిపించింది. ఆలోపే బయట ఒక గొర్ల మంద దిగింది. ఆ ఆలోచన అక్కడే పోయింది.

పురుడు కబురు వినగానే పోయి డాక్టరమ్మకు చెప్పాను. ఆమె నవ్వలేదు. వెంటనే ఆటో ఆయనకు ఫోన్ చేసింది. స్పీకరు పెట్టింది కాబట్టి మేమూ విన్నాం.

"ఏం ఫికర్ లేదు మేడం. మా అమ్మ సూసుకుంటాంది. బాలెంతలను సూసుకునుడు మా అమ్మకు ఎవ్వలు నేర్పాలె? సుట్టుముట్టు ఊర్లకు ఆమెనే మంత్రసాని."

"కుక్కకి మంత్రసాని ఏంటండీ? దానికి పుట్టింది పిల్లలు కాదు, మేం తీసింది గర్భసంచి!"

"గదే గద మేడం. కడుపుల నుంచి తీసిన్రు గద."

డాక్టరమ్మ ఫోన్ పెట్టేసి తల పట్టుకుంది. ఆ రోజు ఆమె గాలికుంటు టీకాలకు ఊర్ల మీదికి పోవాలి. మధ్యాహ్నానికి తిరిగొస్తానని, అప్పటికి ఎట్లాగైనా ఆ కుక్కను దవాఖానకు చేర్చమని కంపౌండర్ సారుకు, నాకు చెప్పి జీపెక్కింది. ఎక్కుతూ ఎక్కుతూ, "లోపలి కుట్టు గనక ఊడితే పేగులు బయటికి వస్తాయి, ఇక నేనేం చేయలేను" అన్నది. కంపౌండర్ సారు ఆ పొద్దు జోక్ ఏమీ వేయలేదు. మోటారు సైకిల్ తీశాడు. నేను వెనక కూర్చున్నాను.

ఆ ఇంట్లో మేం చూసింది ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

వసారాలో నులక మంచం. మంచం మీద పాత చీర మడత. దాని మీద ఎర్రకుక్క. నెత్తి మీది నుంచి చెవులు మూసుకునేట్టు గుడ్డ కట్టి ఉంది. మంచం కింద కుంపట్లో నిప్పులు. పక్కన మూకుట్లో మిర్యాలు, ఎల్లిగడ్డ వేసి కలిపిన అన్నం. కుక్క నొసట నల్లటి చుక్క, దిష్టి తగలకుండా. మేం మెడకు తొడిగిన డబ్బా వాకిట్లో బోర్లించి ఉంది. దాని కింద రెండు కోడిపిల్లలు కిచకిచమంటున్నాయి. గద్ద ఎత్తుకుపోకుండా వాటి మీద మూసిపెట్టారట!

మంచం పట్టె మీద అవ్వ కూర్చుని ఉంది. బక్కపలుచని మనిషి, చేతులు మాత్రం పెద్దవి. కంపౌండర్ సారును చూసి కొంగు సర్దుకుంది. నన్ను చూసి, "రా బిడ్డా, కూసో. బాలెంతను సూడొచ్చినవా?" అన్నది. ఎంత ఆనందంగా అన్నదో! వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది.

కోడలు గడప లోపల నిలబడి ఉంది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

నేను మంచం దగ్గరికి పోయి కుక్క పొట్ట మీది గుడ్డ తీశాను. వాసన వచ్చింది. పై కుట్లు కొన్ని తెగి, గాయం నోరు తెరుచుకుని ఉంది. అంచులు నాని తెల్లబారాయి. కుక్క కళ్లు తెరిచి నన్ను చూసింది గానీ తోక కదల్లేదు.

కంపౌండర్ సారు ఉండబట్టలేక అన్నాడు. "ఏమవ్వా, నీళ్లు తాకియ్యొద్దని అంత మొత్తుకుంటే ఇంటిల్లిపాది కలిసి తానం చేయించిన్రా దీనికి?"

"మరి చేపియ్యమా?" అవ్వ గొంతు లేచింది. "కడుపు కాలీ అయిన ఆడిదాన్ని మురికిల పండవెడుతరా? మీది దవాఖాననా, దొడ్డా? ఈ ఊర్ల మీసాలున్న మొగోళ్లంత నా చేతులల్ల పడ్డోళ్లే. ఒక్క తల్లి పానం పొల్లువోనియ్యలే నేను."

"మనుషుల సంగతి వేరు, కుక్క సంగతి..."

"ఏం వేరయ్యా? దానికి పేగు లేదా, నెత్తురు లేదా? నీ పుట్టుక దినం మీ అవ్వ గూడ గిట్లనే మూలిగింది పో!"

నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. నాకు ఆమెతో కొట్లాడాలనిపించలేదు. తెలుసుకోవాలనిపించింది.

"అవ్వా, నాకు తెల్వక అడుగుతున్న. ఐదొద్దులకే నీళ్లు ఎందుకు పొయ్యాలె?"

ఆమె నా వైపు తిరిగింది. బడిలో పిల్లకు చెప్పినట్టు విడమరిచి చెప్పింది. కాన్పు అయిన ఒళ్లు పచ్చిది. లోపలి మైల దిగిపోవాలి. వేడినీళ్లు పోస్తే దిగుతుంది. నిప్పుల వేడికి నరాలు గట్టిపడతాయి. చెవుల్లోకి గాలి పోతే తలనొప్పి పట్టుకుంటుంది, అందుకే గుడ్డ. కారం పెడితే కడుపు ఎండుతుంది. ఒక్కొక్కటి చెబుతుంటే, ఇవన్నీ ఆమె ఎంతమంది ఆడవాళ్ల పక్కన కూర్చుని చేసి ఉంటుందో అనిపించింది. మేం చెప్పిన ఒక్కొక్క జాగ్రత్తకు బదులు ఆమె దగ్గర ఒక్కొక్క జాగ్రత్త సిద్ధంగా ఉంది. ఆ ఇంట్లో మా మాటను ఎవరూ తీసిపారేయలేదు. అది దూరడానికి అక్కడ జాగా లేదు, అంతే.

"ఇప్పుడు గూడ పిలుస్తరా అవ్వా, కాన్పులకు?" అని అడిగాను.

అవ్వ వంగి కుక్క చెవి మీది గుడ్డ సర్దింది.

"ఎవ్వలు పిలుస్తరు బిడ్డా? నొప్పులు రాకముందే బండొచ్చి దవాఖానకు తోలుకపోతాంది. ఆడ్నే కోస్తున్రు, ఆడ్నే కుడుతున్రు. శానా ఏండ్లాయె, నా చేతికి ఒక బాలెంత దొరకక." కుక్క వీపు మీద చేయి వేసింది. "గిదొక్కటి దొరికింది."

కంపౌండర్ సారు వాకిట్లోకి నడిచి అటు తిరిగి నిలబడ్డాడు.

"అవ్వా, నువ్వు చేసిన కాన్పులల్ల కడుపు కోసింది ఏదన్న ఉన్నదా?"

"నేనెందుకు కోస్త? ఆ ఖర్మ నా చేతికేం పట్టలే."

"దీనికి కోసిన్రు అవ్వా. కుట్లున్నయి. కోసినకాడ నీళ్లు వడితే..."

"కోస్తే మాత్రం? కోసినా కనుడే, కోయకున్నా కనుడే. మైల మైలనే."

కుక్క ఊపిరి పైపైన ఆడుతోంది. ఎత్తుకుపోతామంటే ఆమె ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే అది ఈ మంచం మీదే పోతుంది. బలవంతంగా ఎత్తుకుపోదామా అన్నట్టు సారు నా వైపు చూశాడు. నేను లోపల లోపలే, ప్రభువా, ఎవరి నోట్లోనన్నా ఒక మాట పెట్టు అనుకున్నాను.

గడప దగ్గర నుంచి కోడలు అన్నది. "నాకు గూడ గిట్లనే కోసిన్రు అత్తా."

అంతటితో ఆగలేదు.

"తల్లిగారింట్ల నాకు కాన్పుకు పెద్దాపరేషన్ చేసినప్పుడు కుట్లిప్పేదాంక చుక్క నీళ్లు తగలనియ్యలే. తడిగుడ్డతోని ఒళ్లు తుడిచిన్రు. ఒకనాడు జర తడి తాకితే చీము వట్టింది. మళ్ల దవాఖానకు తోలుకపోయిన్రు. జరం. పిల్లకు పాలియ్యలేకపోయిన. నేను సస్తనేమో అనుకున్న అత్తా."

కోడలి తల్లిగారిది మోత్కూర్ దిక్కు. కాన్పుకు అక్కడికి పోయి, గాయం మానాక చంటిపిల్లతో తిరిగొచ్చింది. ఊరందరికీ పురుడు పోసిన అవ్వ తన ఇంట్లోనే ఒక బాలింత ఎట్లా లేచిందో చూడలేదు. ఆపరేషన్ అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదట. అవ్వ చేతి పనికి అది తక్కువతనమని కొడుకు అనుకున్నాడు. కోడలూ అట్లాగే అనుకుంది.

"మరి నాకెందుకు చెప్పలేదే?" అవ్వ గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"నువ్వు అడగలే అత్తా."

వాకిట్లో డబ్బా కింద కోడిపిల్లలు అరుస్తున్నాయి.

అవ్వ లేచింది. కుంపటిని కాలితో అవతలికి జరిపింది. కుక్క నెత్తి మీది గుడ్డ విప్పి మడిచి భుజం మీద వేసుకుంది. "నిలవడి సూస్తవేందే? కొడుకును పిలువు. ఆటో తెమ్మను" అని కోడలితో అని, కంపౌండర్ సారు వైపు తిరిగి, "నువ్వు ఎనక కాళ్లు వట్టు. నడుము మీద బరువు వడనియ్యకు. జీవాన్ని ఎత్తుడు తెల్వదా నీకు?" అన్నది. సారు కిక్కురుమనకుండా పట్టుకున్నాడు.

డాక్టరమ్మ వచ్చేసరికి మేం బల్ల మీద అంతా సిద్ధంగా ఉంచాం. ఆమె చూసి, లోపలి కుట్టు ఒకచోట వదులైంది గానీ పూర్తిగా ఊడలేదన్నది. అసలు భయం మత్తు దగ్గర. ఇంత నీరసంగా ఉన్న కుక్క మళ్లీ మత్తు తట్టుకుంటుందో లేదో తెలియదు. ఆమె చేతులు కడుక్కుంది. బయట అవ్వ ఎల్లమ్మకు మొక్కుతున్నది వినబడుతోంది. నేను కుక్క తల నా అరచేతిలో పెట్టుకుని, దాని ఊపిరి నా మణికట్టుకు తగులుతుంటే, ఆ ఊపిరి ఆగకుండా ఉంటే చాలు అనుకుంటూ నిలబడ్డాను. ఒకసారి ఆగినట్టే అయింది. డాక్టరమ్మ చేతులు కూడా ఆగాయి. మళ్లీ వచ్చింది. దేవునికి స్తోత్రం.

కుట్టడం అయ్యాక డాక్టరమ్మ బయటికి వచ్చి, బెంచీ మీద అవ్వ పక్కనే కూర్చుంది. ఎప్పుడూ నిలబడే చెప్పే మనిషి. ఆ రోజు కూర్చుంది.

"మీరు చెప్పండి అవ్వా. బాలింతకి మీరు ఏమేం చేస్తారు?"

అవ్వ ముందు అనుమానంగా చూసింది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. డాక్టరమ్మ విని, చెవుల గుడ్డ ఉండనివ్వండి, నష్టం లేదన్నది. నిప్పులు వద్దు, మంచం వద్దు, దుంకితే కుట్లు తెగుతాయి, నేల మీదే మెత్తగా పరచండి అన్నది. ఎల్లిగడ్డ కుక్కకు పడదు, అది మాత్రం ముట్టనీయొద్దని గట్టిగా చెప్పింది.

"మరి పురుడు?"

"చేద్దాం అవ్వా. కుట్లు విప్పి గాయం ఆరాక. ఆ రోజు మీ ఇష్టం."

"ఐదొద్దులు దాటినంక పురుడు ఎక్కడన్న ఉన్నదా బిడ్డా?"

"దీనికి కోసిన పురుడు కదా. లెక్క వేరు."

అవ్వ ఆలోచించి, "సరే, కోసిన పురుడు" అన్నది. ఆ మాటను నోట్లో ఒకసారి తిప్పుకుని చూసుకున్నట్టు అన్నది. తర్వాత వేలెత్తి, "గా డబ్బా మాత్రం తొడగ. దానికి మెడ నొస్తది. నాకకుండ నేనే కాపలుంట" అన్నది.

అప్పుడు కోడలు నవ్వింది. ఆమె నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను. "తొడుగుదం అత్తా. నువ్వు పంటవు, అది పండదు."

"నా నిద్రను యేలెత్తి సూపవట్టినవా?"

"నీ గురక వాడకట్టుకంత ఎరికే."

కంపౌండర్ సారు పగలబడి నవ్వాడు. డబ్బా తొడిగారు.

తర్వాతి రోజుల్లో నాకు కబుర్లు పాలకేంద్రం ఆమె చేతనే వచ్చేవి. కుక్క గంజి తాగింది. కుక్క లేచి నిలబడింది. ఒకనాడు జ్వరం తిరగబెట్టిందని చెబితే రోజంతా నాకు పని మీద మనసు నిలవలేదు. కోడలే ఆటోలో తెచ్చి సూది వేయించుకుపోయింది. అవ్వ మంచం ఎక్కనీయకుండా నేల మీద తన పక్కనే పడుకోబెట్టుకుంటోందట. ఇరుగుపొరుగు ఎవరైనా ముట్టుకోబోతే "కోసిన పురుడు, చేతులు కడుక్కున్నవా?" అని గదుముతోందట. ఆమె చెప్పే మాట మారింది గానీ చెప్పే అధికారం మాత్రం మారలేదు. అదే మంచిదైంది.

కుట్లు విప్పిన రోజు గాయం గీతలాగా ఆరిపోయి ఉంది. ఆ తర్వాత రెండో పురుడు జరిగింది. మాకు బెల్లం పుట్నాలు వచ్చాయి. కంపౌండర్ సారు గుప్పెడు నోట్లో వేసుకుని, "నా సర్వీసుల కుక్క పురుడు బెల్లం తిన్నది ఇదే మొదలు చెల్లె. రిటైరయ్యే లోపట పిల్లి పెండ్లి భోజనం గూడ తింటనేమో" అన్నాడు.

ఆ తర్వాత మా దవాఖానలో ఒక చిన్న మార్పు వచ్చింది. జాగ్రత్తలు చెప్పే ముందు డాక్టరమ్మ ఒకటి అడిగేది. "ఇంటి దగ్గర దీన్ని ఎవరు చూసుకుంటారు? వాళ్లను తీసుకురండి." కొందరు తాతలను తెచ్చారు, కొందరు అత్తలను, ఒకాయన పక్కింటావిడను తెచ్చాడు. నేను కూడా, మీ ఇంట్లో ఇట్లాంటప్పుడు ఏం చేస్తారు అని అడగడం మొదలుపెట్టాను. ఎన్ని వింతలు బయటపడ్డాయో! పుండు మీద బ్యాటరీలోని నల్లపొడి చల్లే ఇండ్లు ఉన్నాయి, నశ్యం చల్లే ఇండ్లు ఉన్నాయి. వాళ్లు చేయబోయేది ముందే తెలిస్తే వద్దని చెప్పడం సులువు. అట్లని అందరూ విన్నారనుకోకండి. డబ్బా తీసేసి ఫోటో దిగి మళ్లీ తొడగడం మరచినవాళ్లను రిటైరయ్యే రోజు దాకా చూస్తూనే ఉన్నాను. మనిషి మాట వినకపోవడానికి ఉన్నన్ని కారణాలు ఏ మందుల పుస్తకంలోనూ లేవు.

కుట్లు విప్పిన నాడు అవ్వ లోపల కుక్క తల పట్టుకుని ఉండగా, కోడలు వరండాలో నా పక్కన కూర్చుని ఒక మాట చెప్పింది.

"అక్కా, ఆనాడు దవాఖాన నుంచి ఇంటికి పోయినంక అత్త నన్ను లోపటికి పిలిసింది. నీ కడుపు మీది గీత సూపియ్యమన్నది."

"సూపిచ్చినవా?"

"ఆఁ. వెలుతురుకు తిప్పి మంచిగ సూసింది. యేలువెట్టి పొడుగునా రాసింది."

"ఏమన్నది?"

"మంచిగనే కుట్టిన్రు, అన్నది."

అని, కోడలు కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు. చూడాలని తల తిప్పలేదు కూడా.

ఎర్రకుక్క ఆ తర్వాత చాలా కాలం ఆ వాకిలి కాసింది. దాన్ని బతికించింది డాక్టరమ్మ చేతి కుట్టని అందరూ అంటారు, అది నిజమే. అవ్వ కాపలా అని పాలకేంద్రం ఆమె అంటుంది, అదీ నిజమే. నాకు మాత్రం గడప మీద నిలబడ్డ ఆ మనిషే కనిపిస్తుంది. తన కడుపు మీది గాయం గురించి అత్తకు ఎన్నడూ చెప్పుకోని మనిషి, ఒక కుక్క కోసం పరాయివాళ్ల ముందు చెప్పింది. ఆ ఒక్క మాట ఆ పొద్దు ఆమె నోట రాకపోయి ఉంటే మేం ముగ్గురం ఆ మంచం చుట్టూ కొట్లాడుతూనే ఉండేవాళ్లం, కుక్క పోయేది.

మీరు దేవుణ్ణి నమ్మేవాళ్లయితే మీ ప్రార్థనలో, నమ్మనివాళ్లయితే పని మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం, ఆ కోడలిని యాది చేసుకోండి.